పాత బాస్ గిటార్ కొంటున్నారా? యాక్టివా, ప్యాసివా.. డబ్బులిచ్చే ముందు వెనక మూత తీసి చూడండి!

గోదావరిఖని: దసరాకు లాభాల వాటా, దీపావళికి పీఎల్‌ఆర్ బోనస్.. సింగరేణి ఇళ్లలో కాస్త పెద్ద వస్తువు ఏది కొన్నా ఎక్కువగా ఈ రెండు పండుగల చుట్టే. ఇంట్లో వాయించే పిల్లలుంటే బండి, ఫ్రిజ్ లిస్టులో గిటార్ కూడా చేరుతుంది. ఆ వెంటనే డిసెంబర్. చర్చిల్లో క్రిస్మస్ పాటల ప్రాక్టీస్, 23న సింగరేణి డే స్టేజీలు, ఆ తర్వాత న్యూ ఇయర్ ప్రోగ్రాములు. బ్యాండ్‌లో కీబోర్డ్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, లీడ్ గిటార్‌కు ఇద్దరు పోటీ పడుతున్నారు. లేనిది ఒక్కటే.. బాస్!

కొత్త బాస్ రేటు చూసి చాలామంది సెకండ్ హ్యాండ్ వైపు వెళ్తారు. అక్కడే మొదలవుతుంది అసలు కన్ఫ్యూజన్. "ఇది యాక్టివ్ బాస్ తమ్మీ, మామూలుది కాదు.. రెండు వేలు ఎక్కువైతది" అంటారు అమ్మేవాళ్లు. ఆ మాట వినగానే యాక్టివ్ అంటే పవర్‌ఫుల్, ప్యాసివ్ అంటే పాతకాలపు సరుకు అన్న ఫీలింగ్ వచ్చేస్తుంది. నిజానికి రెండింటికీ తేడా అది కాదు. పైగా సెకండ్ హ్యాండ్‌లో, అదీ రిపేర్ చేసేవాళ్లు పక్కనే దొరకని ఊళ్లో ఉంటే, ఆ రెండు వేలు ఎక్కువ పెట్టి తలనొప్పి కొనుక్కున్నట్టు అయ్యే ఛాన్స్ కూడా ఉంది.

నల్లా.. మోటర్ పెట్టిన నల్లా

బాస్ గిటార్‌లో తీగల కింద నల్లటి డబ్బాలు ఉంటాయి కదా.. వాటినే పికప్స్ అంటారు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంట్ సిగ్నల్ పుడుతుంది. ప్యాసివ్ బాస్‌లో ఆ సిగ్నల్ వాల్యూమ్ నాబ్, టోన్ నాబ్ దాటుకుని నేరుగా కేబుల్‌లోకి వెళ్లిపోతుంది. మధ్యలో బ్యాటరీ లేదు, సర్క్యూట్ బోర్డ్ లేదు. ఉండేవి రెండు మూడు పాట్లు (సాధారణంగా 250 కిలో ఓమ్‌లవి), ఒక చిన్న కెపాసిటర్. అంతే.

యాక్టివ్ బాస్‌లో ఆ దారిలో ప్రీఆంప్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది నడవడానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. కొన్నింటిలో రెండు బ్యాటరీలు పెట్టి 18 వోల్టులతో నడుపుతారు.

క్వార్టర్లలో నీళ్లు వచ్చే టైమ్ గుర్తుచేసుకుంటే విషయం ఈజీగా అర్థమవుతుంది. ప్యాసివ్ అంటే మామూలు నల్లా. వచ్చే ధారను తగ్గించగలరు కానీ వచ్చేదానికంటే పెంచలేరు. ప్యాసివ్ టోన్ నాబ్ కూడా అంతే.. పైస్థాయి పదును కట్ చేస్తుంది తప్ప కొత్తగా బాస్‌ను పెంచదు. యాక్టివ్ అంటే నల్లాకు మోటర్ పెట్టినట్టు. బాస్, ట్రెబుల్.. కొన్నింటిలో మిడ్ కూడా.. తగ్గించొచ్చు, పెంచొచ్చు. కాకపోతే కరెంట్ పోతే మోటర్ ఆగినట్టే, బ్యాటరీ అయిపోతే చాలా యాక్టివ్ బాస్‌లు మూగబోతాయి. నల్లాకు ఆ బాధ లేదు.

ఇక్కడ చిన్న ముచ్చట. ఎలక్ట్రిక్ బాస్ అంటే అందరూ చెప్పుకునే ఫెండర్ ప్రెసిషన్ 1951లో వచ్చింది, జాజ్ బాస్ 1960లో. రెండూ ప్యాసివే. వాటిని తయారు చేసిన లియో ఫెండర్ 1965లో కంపెనీని అమ్మేశాడు. తర్వాత మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీతో కలిసి 1976లో స్టింగ్‌రే తెచ్చాడు. అది యాక్టివ్! అంటే రెండు పద్ధతులూ ఒకే మనిషి చేతి మీదుగా జనంలోకి వచ్చాయి. ప్రెసిషన్, జాజ్ బాస్‌లు ఇప్పటికీ ప్యాసివ్‌గానే అమ్ముడవుతున్నాయి. కాబట్టి "ప్యాసివ్ అంటే ఔట్‌డేటెడ్" అని ఎవరైనా అంటే పట్టించుకోవాల్సిన పని లేదు.

సౌండ్ సంగతి తర్వాత.. ముందు కేబుల్ ఎక్కడ పెడతారు?

యూట్యూబ్‌లో యాక్టివ్ వర్సెస్ ప్యాసివ్ వీడియోలు బోలెడు. వాటిలో వాయించేవాళ్ల పక్కన పెద్ద బాస్ ఆంప్ ఉంటుంది. మన దగ్గర పరిస్థితి వేరు. చర్చిలో అయినా, కాలనీ గ్రౌండ్‌లో వేసిన స్టేజీ మీద అయినా బాస్ ఆంప్ కనిపించడం అరుదు. సౌండ్ సిస్టమ్ అన్న వస్తాడు, మిక్సర్ పెడతాడు, "నీ జాక్ ఇటు ఇవ్వు" అంటాడు. బాస్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్లిపోతుంది. యాక్టివా, ప్యాసివా అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ప్యాసివ్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా సున్నితం. అది చెక్కుచెదరకుండా వెళ్లాలంటే అవతల ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా ఎక్కువగా ఉండాలి.. దాదాపు 10 లక్షల ఓమ్‌లు. గిటార్ ఆంప్‌లలో అంత ఉంటుంది. మిక్సర్‌లో మామూలు లైన్ ఇన్‌పుట్ చాలావరకు 10 వేల నుంచి 20 వేల ఓమ్‌ల దగ్గరే ఆగిపోతుంది. ఫలితం.. సిగ్నల్ అక్కడే నీరుగారిపోతుంది. సౌండ్ తగ్గుతుంది, పదును పోతుంది, దుప్పటి కప్పి వాయించినట్టు ముద్దగా వినిపిస్తుంది. సౌండ్ అన్న గెయిన్ పెంచుతాడు, దాంతో హమ్ కూడా పెరుగుతుంది. చివరికి అందరూ కలిసి తేల్చేది ఏంటంటే.. "బాస్ బాగాలేదు." పాపం, బాస్ తప్పేం లేదు!

కేబుల్ పొడవు కూడా ఇదే కథ. ప్రతి మీటర్ కేబుల్ కొంచెం ట్రెబుల్‌ను మింగేస్తుంది. ఇంట్లో 3 మీటర్ల కేబుల్‌తో తేడా తెలియదు. స్టేజీ మీది నుంచి కింద ఉన్న మిక్సర్ దాకా 15 మీటర్లు లాగితే ప్యాసివ్ బాస్‌లో కచ్చితంగా తెలుస్తుంది. యాక్టివ్ బాస్‌కు ఈ రెండు సమస్యలూ పెద్దగా ఉండవు. లోపలి ప్రీఆంప్ సిగ్నల్‌ను ముందే బలంగా చేసి పంపుతుంది కాబట్టి మిక్సర్‌లో నేరుగా పెట్టినా, పొడుగు కేబుల్ లాగినా పెద్దగా చెక్కుచెదరదు.

అయితే యాక్టివే కొనాలా? ఆగండి. ఈ సమస్యకు బయటి నుంచి కూడా పరిష్కారం ఉంది.

దాని పేరు డీఐ బాక్స్. అరచేతిలో పట్టేంత డబ్బా. ఒకవైపు గిటార్ కేబుల్, ఇంకోవైపు మైక్ కేబుల్. గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు నచ్చేలా మార్చి పంపడమే దాని పని. ఇందులోనూ యాక్టివ్, ప్యాసివ్ రెండు రకాలు ఉన్నాయి, గుర్తుపెట్టుకోవడం మాత్రం తేలికే.. ప్యాసివ్ బాస్‌కు యాక్టివ్ డీఐ, యాక్టివ్ బాస్‌కు ప్యాసివ్ డీఐ. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వొచ్చు, కొన్ని బ్యాటరీతోనూ నడుస్తాయి. కొన్ని మిక్సర్లలో ఒకటి రెండు ఛానెళ్లకు 'హై జెడ్' లేదా 'ఇన్‌స్ట్రుమెంట్' అని బటన్ ఉంటుంది. అది ఉంటే డీఐ కూడా అక్కర్లేదు. బాస్ కోసం మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ వాడుతున్నారా? ఆ పెడల్ కూడా దాదాపు ఇదే పని చేసిపెడుతుంది. ఈక్యూ కూడా అందులోనే ఉంటుంది.

అంటే ప్యాసివ్ బాస్‌తో పాటు ఒక డీఐ బాక్స్ ఉంటే యాక్టివ్ బాస్ ఇచ్చే లాభాల్లో ముఖ్యమైనవి వచ్చేసినట్టే. ఒక్క తేడా.. ఎలక్ట్రానిక్స్ గిటార్ కడుపులో కాకుండా బయట ఉంటాయి. అవి పాడైతే డబ్బా మారుతుంది, గిటార్ మారదు. ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. అమ్మేసుకోవచ్చు కూడా. అందుకే అమ్మే వ్యక్తి యాక్టివ్‌కు ఎంత ఎక్కువ అడుగుతున్నాడో చూసి, ఆ డబ్బుకు డీఐ బాక్స్ వస్తుందేమో ఒకసారి లెక్క వేసుకోవడం మంచిది.

లాంప్ రూమ్ రూల్

బాయిలోకి దిగే కార్మికుడు చార్జింగ్ ఫుల్‌గా ఉన్న క్యాప్ ల్యాంప్ తీసుకోకుండా లాంప్ రూమ్ దాటడు. యాక్టివ్ బాస్ కొన్నవాళ్లకు కూడా అలాంటి అలవాటే కావాలి. నిజానికి బ్యాటరీ ఖర్చు భయపడేంత ఏమీ కాదు. మంచి 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ కెపాసిటీ సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్స్. బాస్ ప్రీఆంప్ 1 మిల్లీ ఆంపియర్ చొప్పున తీసుకుంటుందనుకుంటే దాదాపు 500 గంటలు. రోజుకు గంట వాయించినా ఏడాది దాటుతుంది. మార్కెట్‌లో దొరికే చౌక జింక్ కార్బన్ బ్యాటరీలకు మాత్రం ఇంత లైఫ్ రాదు.

చిక్కు ఎక్కడంటే.. యాక్టివ్ బాస్‌లలో చాలావాటికి ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు. జాక్ పెట్టగానే ఆన్, తీయగానే ఆఫ్. ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ పీకకుండా గోడకు ఆనించి వెళ్లిపోతే లోపల ప్రీఆంప్ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. పై లెక్క ప్రకారమే 20 రోజుల్లో కొత్త బ్యాటరీ ఖతం. అది ఏ డిసెంబర్ 24 రాత్రో, సరిగ్గా పాట మధ్యలో చేతులెత్తేస్తే స్టేజీ మీద మూత విప్పడానికి స్క్రూ డ్రైవర్ వెతుక్కోవాలి. బ్యాటరీ చచ్చేముందు సిగ్నల్ ఇస్తుంది.. సౌండ్ తగ్గుతుంది, గట్టిగా మీటితే బరబరమని చీలుతుంది. అప్పుడే మార్చేయాలి.

ఈ గండం నుంచి గట్టెక్కించేది యాక్టివ్, ప్యాసివ్ స్విచ్. కొన్ని మోడళ్లకే ఇది ఉంటుంది. బ్యాటరీ పోతే స్విచ్ తిప్పి ప్యాసివ్‌లో వాయించేయొచ్చు. యమహాలో టీఆర్‌బీఎక్స్ 504కు ఈ స్విచ్ ఉంది. అదే సిరీస్‌లో 174 పూర్తిగా ప్యాసివ్, 304 యాక్టివ్. మూడూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఫొటో చూసి ఓకే అనకుండా మోడల్ నంబర్ అడగడం అందుకే. స్క్వయర్ ప్రెసిషన్, జాజ్ బాస్‌లలో ఎక్కువ శాతం ప్యాసివే. ఐబనెజ్ జీఎస్‌ఆర్ 200లో బాస్ పెంచడానికి బ్యాటరీతో నడిచే ఫ్యాట్ ఈక్యూ ఉంటుంది. దీన్ని "ఫుల్ యాక్టివ్" అని అమ్మితే మాత్రం నవ్వి ఊరుకోండి, అందులో ఉన్నది ఒక్క నాబ్ వ్యవహారం.

వెనక మూత కథ

చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో ఉండాల్సినవి.. సీల్ తీయని 9 వోల్టుల బ్యాటరీ, సొంత కేబుల్, చిన్న స్టార్ స్క్రూ డ్రైవర్. దొరికితే మల్టీమీటర్. ఆంప్ లేదంటే హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న గిటార్ ఆంప్ అయినా సరే. అమ్మేవాళ్లు "కేబుల్ లేదు, బ్యాటరీ లేదు, కానీ కండిషన్ సూపర్" అంటే ఆ బేరం మరో రోజుకు వాయిదా వేయడమే నయం.

ముందు బాడీ వెనక మూత విప్పమని అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, బండి కొనేటప్పుడు ఇంజిన్ చూడమా? ప్యాసివ్ అయితే లోపల పాట్లు, కెపాసిటర్, నాలుగు వైర్లు. ప్రెసిషన్, జాజ్ రకాల్లో ఇవి ముందువైపు ప్లేట్ కింద ఉంటాయి. యాక్టివ్ అయితే సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ క్లిప్ కనిపిస్తాయి. బ్యాటరీ కాంటాక్టుల మీద పచ్చగా, తెల్లగా పొడి పట్టిందంటే లోపల ఎప్పుడో బ్యాటరీ కారిపోయినట్టు లెక్క. ఎండాకాలం రామగుండంలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీల వేడిలో రేకుల గదిలో నెలల తరబడి పడి ఉన్న గిటార్‌లో పాత బ్యాటరీ అలాగే ఉంటే కారడం మామూలే. క్లిప్ వరకే అయితే చిన్న ఖర్చు, ఎవరైనా మార్చేస్తారు. బోర్డు దాకా పాకితే ఆ బాస్ వదిలేయడమే మంచిది.

తర్వాత కొత్త బ్యాటరీ పెట్టి వాయించండి. అన్ని నాబ్‌లూ మధ్యలో ఉంచి, ఒక్కోటి అటు చివరికి, ఇటు చివరికి తిప్పాలి. బాస్ నాబ్ తిప్పితే బాస్ మారాలి, ట్రెబుల్ తిప్పితే ట్రెబుల్ మారాలి. తిప్పినా తేడా రాకపోతే ప్రీఆంప్‌లో లోపం ఉన్నట్టే. ట్రెబుల్ ఫుల్ పెట్టినప్పుడు కొంచెం "స్‌స్" అనడం సహజం, అదే తీగల సౌండ్‌ను మించిపోతే కాదు. ఇప్పుడు బ్యాటరీ పీకేసి మళ్లీ వాయించి చూడండి. సౌండ్ వస్తే ప్యాసివ్‌లో కూడా నడుస్తుందని అర్థం. రాకపోతే.. ఆ గిటార్ జీవితాంతం బ్యాటరీ మీదే బతుకుతుంది.

నాబ్ తిప్పితే గరగరమంటోందా? భయపడొద్దు. ఓసీపీలు, బొగ్గు లారీలు తిరిగే చోట పాట్లలోకి దుమ్ము దూరుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు తిప్పితే చాలావరకు పోతుంది. దీన్ని చూపించి బేరమాడొచ్చు కానీ బాస్ వదిలేయాల్సిన పని లేదు. హమ్ సంగతి కూడా చూడాలి. తీగలను చేత్తో తాకగానే హమ్ తగ్గితే గిటార్ గ్రౌండింగ్ ఉందని గుర్తు. తాకగానే పెరిగితే లోపల ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, అది చిన్న సోల్డరింగ్ పని.

ఇంతకంటే ముఖ్యమైనది మెడ. నెక్ వంగిపోయి, ట్రస్ రాడ్ తిరగకపోతే లోపల ఏ సర్క్యూట్ ఉన్నా లాభం లేదు. మొదటి ఫ్రెట్ నుంచి చివరి ఫ్రెట్ దాకా నాలుగు తీగలూ ఒక్కో నోటు మీటి చూడాల్సిందే.

పాడైతే ఎవరు బాగుచేస్తారు?

ప్యాసివ్ బాస్‌లో పాడయ్యేవి పాట్, కెపాసిటర్, జాక్. ఈ మూడూ సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న ఏ టీవీ మెకానిక్ అయినా మార్చగలడు. అంతకుముందు బాస్ గిటార్ చూడకపోయినా సరే.. వైరింగ్ డ్రాయింగ్ ఫోన్‌లో చూపిస్తే చాలు. యాక్టివ్ ప్రీఆంప్ అలా కాదు. కొన్ని కంపెనీలు బోర్డు మీద నల్లటి ఎపాక్సీ పోసి ముద్ద చేస్తాయి. లోపల ఏముందో కనిపించదు, పార్ట్ మార్చే వీలుండదు. బోర్డు మొత్తం మార్చాలి. అది గోదావరిఖనిలో దొరకకపోతే కరీంనగర్, అక్కడా దొరకకపోతే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్. పాత మోడల్ అయితే అక్కడ కూడా "స్టాక్ లేదు" అనే మాట వినాల్సి రావొచ్చు.

ఇక్కడే ఒక సంగతి తెలిసి ఉండాలి. యాక్టివ్ బాస్‌లన్నీ ఒకటి కాదు. చాలావాటిలో పికప్స్ మామూలువే, ప్రీఆంప్ మాత్రమే యాక్టివ్. స్టింగ్‌రే కూడా ఈ కోవలోదే. ఇలాంటిదానిలో ప్రీఆంప్ చచ్చిపోతే దాన్ని పీకేసి 250 కిలో ఓమ్‌ల పాట్లు, కెపాసిటర్ పెట్టి పూర్తి ప్యాసివ్ బాస్‌గా మార్చుకోవచ్చు. గిటార్ బతుకుతుంది. ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్స్ ఉన్న బాస్‌లో అది కుదరదు. అక్కడ పికప్ లోపలే సర్క్యూట్ ఉంటుంది, బ్యాటరీ వైరు పికప్ దాకా వెళ్తుంది. పాట్లు కూడా 25 కిలో ఓమ్‌లవి. ప్యాసివ్ చేయాలంటే పికప్స్‌తో సహా అన్నీ మార్చాలి. కాబట్టి మూత తీసినప్పుడు బ్యాటరీ ఎర్ర వైరు ఎక్కడిదాకా వెళ్తోందో చూడటం మర్చిపోవద్దు.

మరి ఏది తీసుకోవాలి? మొదటి బాస్, సెకండ్ హ్యాండ్, సింగరేణి బెల్ట్‌లోనే ఉంటూ వాయించేవాళ్లకు ప్యాసివే బెటర్. దాంతోపాటు డీఐ బాక్స్‌కు కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఇప్పటికే రెండు మూడేళ్లుగా స్టేజీల మీద వాయిస్తూ, ఒక ప్రోగ్రాంలో భక్తి పాట, ఇంకో గంటకు మాస్ పాట, మధ్యలో ఇళయరాజా మెలోడీ అందుకోవాల్సినవాళ్లకు చేతి కిందే ఈక్యూ ఉండటం నిజంగా పనికొస్తుంది. వాళ్లు యాక్టివ్ తీసుకోవచ్చు. కానీ ప్యాసివ్ స్విచ్ ఉన్నదైనా కావాలి, లేదంటే మామూలు పికప్స్ ఉన్నదైనా కావాలి. యాక్టివ్ పికప్స్, స్విచ్ లేదు, బ్యాటరీ పెట్టినా ఒక నాబ్ పనిచేయట్లేదు.. ఈ మూడూ కలిసిన బాస్ సగం రేటుకు వస్తున్నా సరే, వద్దు.

ఆ వీడియో ఫోన్ స్పీకర్‌లో వింటున్నారా?

అమ్మేవాళ్లు వాట్సాప్‌లో డెమో వీడియో పంపిస్తారు. బాస్‌లో లావు తీగ ఓపెన్ నోటు 41 హెర్ట్జ్. ఐదు తీగల బాస్ అయితే 31 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ ఆ సౌండ్‌ను అసలు పలికించలేదు, దాని పై స్వరాలను మాత్రమే వినిపిస్తుంది. యాక్టివ్ ఈక్యూలో బాస్ ఫుల్‌గా పెంచినా, సున్నా చేసినా ఫోన్‌లో పెద్దగా తేడా తెలియకపోవడానికి కారణం ఇదే. వైర్డ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం కొంత నయం. ఆ వీడియోలోనే రెండు పనులు చేయించుకోవచ్చు.. కెమెరా ఆపకుండా వెనక మూత తీయించడం, బ్యాటరీ పీకేసి మళ్లీ వాయించి చూపించమనడం. మంచి బాస్ అమ్ముతున్నవాళ్లకు ఇందులో ఇబ్బందేమీ ఉండదు, రెండు నిమిషాల పని.

యాక్టివ్ బాస్ కొని ఇంటికి తెచ్చుకుంటే మొదటి రోజే పాత బ్యాటరీ తీసేసి కొత్తది పెట్టి, దాని మీద టేపు అంటించి తేదీ రాయండి. కేసులో ఇంకో సీల్డ్ బ్యాటరీ, స్క్రూ డ్రైవర్ పడేయండి. ప్రాక్టీస్ అయిపోగానే కేబుల్‌ను ఆంప్ వైపు కాదు, గిటార్ వైపు పీకాలి. అటువైపు పీకితే బ్యాటరీ ఆగదు.